నాలుగో ట్రాక్

బ్లఫ్
12 ఫిబ్రవరి 2024

కియా ఓరా, నమస్తే ఫెర్గస్,

చేతిరాత చూడగానే గుర్తుపట్టి ఉంటావు. ముప్పయ్యేడేళ్ళయినా నా అక్షరాలు ఇంకా గాలికి వాలిన గడ్డిలాగే ఉన్నాయి.

నీ అడ్రసు లాకీ ఇచ్చాడు. మన డ్రమ్మర్ ఇప్పుడు గోర్‌లో పాల ట్యాంకర్ నడుపుతున్నాడు. ఫోన్లో నా గొంతు వినగానే, “ఎవరూ, రిపెకానా? ఇంకా బతికే ఉన్నావా?” అన్నాడు. “నీ డ్రమ్ముల పక్కన రెండేళ్ళు నిలబడి బతికాను. ఇక నన్నేది చంపుతుంది?” అన్నాను. నీకు ఈమెయిల్ పంపమన్నాడు. పంపను. ఈమెయిల్ అయితే చూడలేదని తప్పించుకుంటావు. ఉత్తరం అలా కాదు, పెట్టెలో కూర్చుని నీకోసం ఎదురు చూస్తుంది.

విషయం ఇది. ఓమరూలో గ్రీర్ అని ఒక అమ్మాయి ఉంది. ఇరవయ్యేడేళ్ళది. తన గ్యారేజీలో ఒక యంత్రం పెట్టుకుని రికార్డులు ఒక్కొక్కటిగా చెక్కుతుంది. పాట ఎంతసేపు ఉంటే ఒక్కో రికార్డుకీ అంతసేపు పడుతుందట. ఏదో పాత సామాన్ల అమ్మకంలో ఆమెకు మన క్యాసెట్ దొరికింది. అవును, ‘తడి స్వెటర్లు’ క్యాసెట్టే. మన బ్యాండ్ పేరు చూసి నవ్వుకుని కొన్నదట. ‘పడవ ఇంకా రాలేదు’ పాట విని నవ్వడం ఆపేసిందట. దాన్ని వంద రికార్డులు చేస్తానంటోంది. అసలు టేపు కావాలి అంటోంది.

టేపు నీ దగ్గరే ఉంది. రెండు టేపులూ నీ దగ్గరే ఉండాలి. నేను అడుగుతున్నది రెండోది కాదు. మొదటిది, నేను పాడినది.

నీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు ఏప్రిల్‌లో నేను మా వాళ్ళతో సముద్రంలోని మా దీవికి, బొరియల్లో ఉండే టీటీ పిట్టల వేటకు వెళ్ళాను. పాట రికార్డు చేసే వెళ్ళాను. రెండు నెలల తర్వాత ఒంటికి పిట్టల కొవ్వు వాసనతోనే మ్యూజిక్ షాపుకు వస్తే, క్యాసెట్ అప్పటికే అమ్మకానికి పెట్టి ఉంది. అందులో నీ గొంతు. మొదటి లైను దాటి వినలేకపోయాను. నువ్వు నలిగిపోయిన టేపు ఒకటి ఎత్తి చూపించి, “యంత్రం నమిలేసింది రిపెకా. నేనూ లాకీ మొత్తం మళ్ళీ వాయించాం” అన్నావు. నేను వాయించే బేస్ గిటార్ కూడా నువ్వే వాయించానన్నావు. సరే అన్నాను. ఆ వారమే గిటార్ పెట్టెలో పెట్టుకుని బ్లఫ్‌కు వచ్చేశాను.

ఆ నలిగిన టేపే పంపు. గ్రీర్ నలిగినవాటిని కూడా సాపు చేయగలదట. నేను పాడిన ఒకే ఒక్క పాట అది. రికార్డు మీద నా గొంతు ఉండాలి.

మార్చి లోపల కావాలి. ఎందుకని అడగకు.

రిపెకా


పోర్ట్ చామర్స్
25 ఫిబ్రవరి

ప్రియమైన రిపెకా,

నీ ఉత్తరం చూసి నాలుగుసార్లు కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాను. నేను ఇక్కడి హైస్కూల్లో వడ్రంగం నేర్పుతున్నాను. ఈ ఏడాదితో ఆఖరు. నీ ఉత్తరం వచ్చిన రోజు ఒక పిల్ల, “సార్, మీరు కొలిచిన చోట కాకుండా పక్కన కోశారు” అంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి.

ఎన్నెన్ని గుర్తొచ్చాయో! డునెడిన్‌లో ఆ నిటారు వీధిలో మన అద్దె ఇల్లు, గదిలో ఊపిరి వదిలితే పొగలా కనిపించేది. గోడలకు తేమ. స్వెటర్లు ఆరేవి కావు, తడివే వేసుకుని వాయించేవాళ్ళం. పేరు అలాగే వచ్చింది కదా. లాకీ బీన్స్ డబ్బా హీటర్ మీదే వేడి చేసేవాడు. నువ్వు పాట ఆపాలనుకుంటే బేస్ గిటార్ మెడ పైకెత్తేదానివి. మేమిద్దరం ఆగాలి. లాకీ ప్రతిసారీ ఒక దెబ్బ ఆలస్యం. “ఎత్తింది చూడవేంరా!” అని నేను, “కళ్ళు మూసుకుని వాయిస్తేనే కళ” అని వాడు.

ఆ పాటలో చివరి చరణం నేను రాశాను, గుర్తుందా? ‘నీ కళ్ళు దీపస్తంభాలు’ అని. నువ్వు అంతగా మెచ్చుకోలేదు గాని, నాకు ఇప్పటికీ ఇష్టమే.

టేపు విషయానికొస్తే, నలిగినదాన్ని ఎప్పుడో పారేశాను. షెడ్డు కప్పు కారింది, చాలా పోయాయి. మనం రికార్డు చేసిన ఆ నాలుగు ట్రాక్‌ల పెట్టె మాత్రం ఉంది, టేపు తిప్పే బెల్టు పోయి మూల పడి ఉంది. గ్రీర్‌ను ఉన్న క్యాసెట్‌తోనే చేసుకోమను. అది బాగానే ఉంటుంది. అందులో గుసగుస శబ్దమే ఒక అందం.

అక్కడ గాలి ఎలా ఉంది? ఇక్కడ మూడు రోజులుగా వాన.

నీ ఫెర్గస్


బ్లఫ్
9 మార్చి

ఫెర్గస్,

గాలి బాగానే ఉంది. మార్చి ఒకటిన ఆయిస్టర్ల సీజన్ మొదలైంది. పొద్దున ఆరింటి నుంచి షెడ్డులో నిలబడి ఆ ఆల్చిప్పలు విప్పుతున్నాను. మూసుకుపోయినవాటిని ఎక్కడ కత్తి పెట్టి తెరవాలో నాకు తెలుసు.

గ్రీర్ మన క్యాసెట్‌ను శుభ్రం చేసి ఒక కాపీ పంపింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. రెండో చరణం మధ్యలో టక్‌మని ఒక చప్పుడు, వెంటనే పింగాణీ పగిలిన చప్పుడు. మళ్ళీ వెనక్కి తిప్పాను. మళ్ళీ విన్నాను.

లాకీకి ఫోన్ చేశాను. ట్యాంకర్ పక్కన ఆపించి మాట్లాడించాను.

“లాకీ, పాట మధ్యలో నీ చేతిలో కర్ర జారి ఫెర్గస్ వాళ్ళమ్మ కప్పు పగిలింది, గుర్తుందా?”

“గుర్తుండక! ఆ కప్పు కోసం వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.”

“అది ఎన్నిసార్లు జరిగింది?”

“ఎన్నిసార్లేంటే? ఉన్నదే ఒక్క కప్పు!”

“ఫెర్గస్‌తో కలిసి పాటంతా మళ్ళీ వాయించావట కదా, ఏప్రిల్‌లో?”

“ఏప్రిల్‌లో నేను గోర్‌లో గొర్రెల బొచ్చు కత్తిరిస్తున్నానే తల్లీ. డునెడిన్ ముఖమే చూడలేదు. ఏం, వాడేమన్నా అన్నాడా?”

ఆ కప్పు పగిలిన డ్రమ్స్ మీదే నేను పాడాను. ఆ చోట నవ్వు రాకుండా పెదవి కొరుక్కుని పాడాను. అంటే, అమ్ముడుపోయిన క్యాసెట్‌లో ఉన్నది అదే డ్రమ్స్. నా బేసే. యంత్రం ఏ టేపునూ నమలలేదు.

ఒక్క ప్రశ్న. నా గొంతును ఏం చేశావు?

రిపెకా


పోర్ట్ చామర్స్
20 మార్చి

రిపెకా,

పదకొండు రోజులు ఆలస్యం చేశాను. మూడు ఉత్తరాలు రాసి చించాను. ఇది నాలుగోది, ఇది మాత్రం పోస్టు చేస్తాను.

టేపు నలగలేదు. నేనే తుడిచాను.

ఆ పెట్టెలో ఉన్నవి నాలుగే ట్రాక్‌లు. మొదటిదానిలో డ్రమ్స్, రెండోదానిలో నీ బేస్, మూడోదానిలో నా గిటార్, నాలుగోదానిలో నీ గొంతు. నువ్వు దీవికి వెళ్ళాక విన్నాను. పాటకు ఇంకో గిటార్ కావాలనిపించింది. అది లేకపోతే చివర్లో బోసిగా ఉంది. చోటు లేదు. నువ్వు ఉంటే మళ్ళీ పాడించేవాణ్ణి. ఆ దీవికి అప్పట్లో ఫోన్ లేదు, ఉత్తరం లేదు. షాపువాడు మే నెలకల్లా క్యాసెట్ ఇమ్మన్నాడు. అందుకని నాలుగో ట్రాక్ మీద గిటార్ వాయిస్తూనే నేను పాడేశాను. ఎర్ర బటన్ నొక్కి మొదలుపెడితే దాని మీద అంతకుముందున్నది పోతుంది. తిరిగి రాదు. నీకు తెలుసు.

చోటు లేకే చేశాను రిపెకా. నీకు చెప్పే ధైర్యం లేకపోయింది. క్షమించు.

ఫెర్గస్


బ్లఫ్
24 మార్చి

ఫెర్గస్,

లాకీ వాళ్ళ అక్క టేప్ రికార్డర్ మన వంటగదిలోనే ఉండేది. పెట్టెలోని నాలుగింటినీ దానిలోకి ఎక్కించి, అక్కడి నుంచి తిరిగి పెట్టెలోకి రెండు ట్రాక్‌లుగా తెచ్చుకుంటే, ఇంకో రెండు ఖాళీ అవుతాయి. అరగంట పని. నాకు నేర్పింది ఎవరు? నువ్వే. ఒక ఆదివారమంతా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పావు.

కాబట్టి చోటు లేక కాదు.

ఇంకోసారి రాయి. ఈసారి నిజం రాయి. పై శుక్రవారం దీవికి బయల్దేరుతున్నాను. బ్లఫ్ అడ్రసుకే పంపితే మా అన్న కొడుకు హెలికాప్టర్‌లో వచ్చేటప్పుడు తెస్తాడు. ముప్పయ్యేడేళ్ళ కిందట ఈ మాత్రం సౌకర్యం ఉంటే బాగుండేది కదా నీకు.

రిపెకా


పోర్ట్ చామర్స్
5 ఏప్రిల్

రిపెకా,

సరే.

అప్పుడు, ఎనభై ఏడు మార్చిలో, లాకీ వాళ్ళ అక్క ఇంట్లో పార్టీకి వాయించాం. వరండాలో ఉన్నవాళ్ళు కూడా మనల్ని పట్టించుకోకుండా కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను పాడిన నాలుగు పాటలూ అలాగే గడిచాయి. అయిదోది నీ పాట. నువ్వు మొదటి లైను పాడగానే ఇల్లు మొత్తం ఆగిపోయింది. ఎవడో బీరు సీసా బల్ల మీద పెట్టిన చప్పుడు కూడా వినపడింది. పాట అయ్యాక ఒకాయన నా దగ్గరికి వచ్చి భుజం తట్టి, “బాబూ, మీ బ్యాండ్ అంటే ఆ అమ్మాయేనన్న మాట” అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేను థాంక్స్ చెప్పాను కూడా.

బ్యాండ్ నాది అనుకునేవాణ్ణి. పెట్టె నాది, గిటార్ నాది, పేరు పెట్టింది నేను. నువ్వు వెళ్ళాక నీ గొంతును రోజూ వినేవాణ్ణి. ప్రతిరోజూ కొంచెం బాగుంటూ పోయింది. అదే నేను భరించలేకపోయాను. ఒక బుధవారం మధ్యాహ్నం ఎర్ర బటన్ నొక్కాను. టేపు రికార్డర్ వంటగదిలో ఉన్న సంగతి నాకు తెలుసు. చేయి పెడితే అందే దూరంలో ఉంది.

నీకు చూపించిన నలిగిన టేపు మా అత్తయ్య బ్యాగ్‌పైపుల క్యాసెట్. స్క్రూడ్రైవర్‌తో నేనే లాగాను.

అసలు టేపు పారేయలేదు. బిస్కెట్ల డబ్బాలో ఉంది. అందులో ఉన్నవి లాకీ డ్రమ్స్, నీ బేస్, నా గిటార్, నాలుగోదాని మీద నా గొంతు. కావాలంటే పంపిస్తాను. కాల్చేయమంటే కాల్చేస్తాను. నీ గొంతు మాత్రం తెచ్చివ్వలేను.

ఫెర్గస్


దీవి నుంచి
28 ఏప్రిల్

ఫెర్గస్,

నీ ఉత్తరం ఉప్పు సంచీల మీద కూర్చుని చదివాను. తర్వాత పనిలోకి వెళ్ళాను. భుజం దాకా బొరియలో చేయి పెట్టి పిట్టను వెతికి లాగడం, మళ్ళీ ఇంకో బొరియ. నువ్వు గుర్తొచ్చినప్పుడల్లా చేయి ఇంకాస్త లోపలికి పోయింది. మా వదిన, “ఇవాళ నీకేమైందే, పిట్టల మీద పగబట్టినట్టున్నావు?” అంది. “పిట్టల మీద కాదులే” అన్నాను. మామూలు కంటే ఎక్కువే పట్టాను. ఆ లెక్కన నీకు కృతజ్ఞతలు.

నీ క్షమాపణ చదివాను. పిట్టలతో పాటు ఉప్పు వేసి బకెట్లో పెట్టి మూతేశాను. అది పాడుకాదు. ఎప్పుడు తీయాలో నేను చూసుకుంటాను.

నేను తర్వాత పాడకపోవడానికి కారణం నువ్వొక్కడివే అనుకుని గర్వపడకు. పిల్లలు, ఆయిస్టర్ల షెడ్డు, మా అమ్మ జబ్బు, అన్నీ ఉన్నాయి. కానీ ఒకటి చెప్తాను. యంత్రం నమిలిందని విన్నప్పుడు నాకు ఏమనిపించిందో తెలుసా? నా గొంతు యంత్రానికి కూడా సరిపడలేదేమో అనిపించింది. ఇరవయ్యొక్క ఏళ్ళ పిల్ల అలాగే అనుకుంటుంది. అది నీకు తెలియాలి.

ఇప్పుడు ఏం చేయబోతున్నామో విను. అడగడం లేదు, చెప్తున్నాను.

జూన్ మూడున డునెడిన్ మీదుగా మీ ఊరు వస్తున్నాను. ఆ పెట్టెకు కొత్త బెల్టు వేయించు. ఆ టేపునే అందులో పెట్టు. నాలుగో ట్రాక్ మీద నేను పాడతాను. నీ గొంతు మీద. ముందుగా కాపీ తీయడం ఉండదు. నువ్వు నాది కాపీ తీశావా? ఒక్కసారే పాడతాను. వచ్చింది వచ్చినట్టు ఉంటుంది.

ఎర్ర బటన్ నువ్వే నొక్కాలి.

లాకీని కూడా రమ్మను. ఊరికే కూర్చోవడానికి. వాయించనివ్వకు. గ్రీర్‌కు నేను చెప్తాను.

రిపెకా


పోర్ట్ చామర్స్
12 మే

రిపెకా,

గ్రీర్ నాకు ఫోన్ చేసింది. దాదాపు ఏడుస్తోంది. “కంప్యూటర్‌లోకి కాపీ తీసుకుంటే నాలుగు నిమిషాలు సార్! తర్వాత ఆమె ఎన్నిసార్లయినా పాడుకోవచ్చు. ఆమెకు మీరైనా చెప్పండి” అంది. “నేనా?” అన్నాను. “అవును సార్, మీరు పాత స్నేహితులు కదా!” అంది. 

రిపెకా, నీ మాట కాదనడం లేదు. ఒకటి మాత్రం చెప్పుకోనీ. ఊళ్ళో అమ్మిన క్యాసెట్లన్నీ కాపీకి కాపీలు, గుసగుసలాడతాయి. నా గొంతు, ఆ రెండో గిటార్ శుభ్రంగా ఉన్నది ఈ ఒక్క టేపు మీదే. నేను జీవితంలో బాగా వాయించింది అదొక్కటే. దొంగతనంగా వాయించాను, నిజమే. అయినా బాగా వాయించాను. ఇప్పుడు వేళ్ళు అలా తిరగవు. అది పోతుందంటే నాకు బాధగా ఉంది. ఆ బాధ ఉండాలనే నువ్వు అలా అన్నావని కూడా తెలుసు.

పోనీ, ఆగస్టు దాకా ఆగకూడదా? అప్పటికి స్కూల్లో పని తగ్గుతుంది. పెట్టెకు బెల్టు దొరకాలి, నువ్వూ కాస్త సాధన చేసుకోవచ్చు. జూన్ మూడే ఎందుకు? ఏమిటంత తొందర?

ఫెర్గస్


బ్లఫ్
22 మే

ఫెర్గస్,

ఎందుకని అడగకు అన్నాను. అడిగావు కాబట్టి చెప్తున్నాను.

గొంతు దగ్గర ఒక గడ్డ ఉంది. జూన్ పదకొండున ఆపరేషన్. చెడ్డ గడ్డ కాదట, కానీ గొంతు నరానికి ఆనుకుని ఉంది. డాక్టరమ్మ చాలా మంచిది. బొమ్మ గీసి చూపించింది. “మాట వస్తుంది. పాట సంగతి నేను మాటివ్వలేను” అంది. ఆ రోజు సాయంత్రమే ఇంటికొచ్చి నీకు మొదటి ఉత్తరం రాశాను.

జాలిపడుతూ ఏమీ రాయకు. నాకు జాలితో పనిలేదు, బెల్టుతో పని.

దొరికిందా?

రిపెకా


పోర్ట్ చామర్స్
27 మే

రిపెకా,

దొరకలేదు. సైకిల్ ట్యూబు కోసి నేనే చేశాను. వడ్రంగం మేష్టరుగా ఇన్నాళ్ళూ వెలగబెట్టినందుకు ఆ మాత్రం చేతకాకపోతే ఎలా? మొదటిది వదులుగా ఉంది, పాట తాగినవాడిలా సాగింది. రెండోది బిగుతు. మూడోది సరిపోయింది. అత్తయ్యదే మరో పాత క్యాసెట్ మీద నలభైసార్లు పరీక్ష చేశాను. మా వీధిలోవాళ్ళకు బ్యాగ్‌పైపులంటే జన్మలో ఇష్టం కలగదు.

కాపీ తీయలేదు. గ్రీర్‌కు చెప్పాను, తీయడం లేదని.

జూన్ మూడు, పదకొండు గంటలకు. స్కూల్లో వడ్రంగం గది ఖాళీగా ఉంటుంది, ఆ రోజు సెలవు. హీటర్ వేసి ఉంచుతాను. ఈసారి స్వెటర్ పొడిది వేసుకుని రా.

ఫెర్గస్


పోర్ట్ చామర్స్
14 జూన్

రిపెకా,

ఆపరేషన్ అయిందని మీ వదిన ఫోన్ చేసింది. మూడు వారాలు మాట్లాడకూడదట కదా. అందుకే ఆసుపత్రికి రాలేదు. నేను మాట్లాడుతుంటే నువ్వు తిట్టలేక పడుకోవడం నాకూ బాగుండదు. రాస్తున్నాను.

మూడో తారీఖున నువ్వు పాడి వెళ్ళిపోయాక నేనూ లాకీ గ్రీరూ చాలాసేపు ఆ గదిలోనే కూర్చున్నాం. నీ వైపు నుంచి ఎలా కనిపించిందో నాకు తెలియదు. నా వైపు నుంచి చెప్తాను.

నువ్వు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నావు. మైకు ముందు కాదు, మైకు పక్కన నిలబడ్డావు, ఎప్పటిలాగే. “నొక్కు” అన్నావు. నా వేలు బటన్ మీదే ఉంది. దిగలేదు. గ్రీర్ ముఖం తిప్పుకుంది. లాకీ, “నొక్కరా! ఆరోజు ఎవరూ చెప్పకుండానే నొక్కావుగా” అన్నాడు. నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది.

నీ గొంతు బొంగురుగా ఉంది. పైస్వరం దగ్గర చీలింది. నువ్వు దాన్ని దాచుకోలేదు, చీలిన గొంతునే తోసుకుంటూ వెళ్ళావు. మూడో లైనుకు వచ్చేసరికి నాకు ఆ పార్టీ గుర్తొచ్చింది, బీరు సీసా చప్పుడు గుర్తొచ్చింది. గదిలో హీటర్ కూడా ఆగిపోయినట్టనిపించింది. రెండో చరణంలో కప్పు పగిలింది. నువ్వు పెదవి కొరుక్కున్నావు. లాకీ చూశాడు. “మా అమ్మ మీద ఒట్టు, అచ్చం అలాగే” అన్నాడు తర్వాత. పాడుతున్నంతసేపూ నా వేలి కింద నా గిటార్, నా గొంతు ఒక్కొక్క మాటే చెరిగిపోతున్నాయి. బాధపడదామని కాచుకుని కూర్చున్నాను. తీరిక దొరకలేదు. వింటూ ఉండిపోయాను.

చివరి చరణానికి ముందు నువ్వు ఎడమ చేయి పైకెత్తావు. చేతిలో గిటార్ లేదు, అయినా దాని మెడ పట్టుకున్నట్టే ఎత్తావు. ఊపిరి అందక అనుకున్నాను. నాకు అర్థం కాలేదు. వేలు మాత్రం అర్థం చేసుకుంది. టేపు ఆపకుండా ఎర్ర బటన్ ఒక్కటే పైకి లేపింది. ఒక దెబ్బ ఆలస్యంగా.

లైటు ఆరింది. నీ గొంతు ఆగిన చోట ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఒకడు గిటార్ వాయిస్తూ లోపలికి వచ్చాడు. ‘నీ కళ్ళు దీపస్తంభాలు’ అని పాడాడు. గ్రీర్ చేతులతో నోరు మూసుకుంది. లాకీ మాత్రం, “ఆలస్యం చేశావురా ఫెర్గ్! ఇప్పుడు తెలిసిందా ఎంత కష్టమో?” అన్నాడు.

నువ్వు హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, కోటు వేసుకుని, బస్సుకు వేళయిందని వెళ్ళిపోయావు.

మొత్తం తుడుస్తానన్నావు. తుడవడానికి నీకు హక్కు ఉంది. మరెందుకు ఆపావు రిపెకా? రోజూ అదే ఆలోచిస్తున్నాను.

ఫెర్గస్


బ్లఫ్
19 జూలై

ఫెర్గస్,

మాట్లాడకూడదన్న మూడు వారాలు ఎప్పుడో అయ్యాయి. డాక్టరమ్మ ఎదుట నోరు తెరిచి మాట్లాడాను. నూనె వేయని గేటు కిర్రుమన్నట్టు వచ్చింది. తగ్గుతుందట, నెమ్మదిగా. పాట గురించి అడిగితే, “ఏడాది చూద్దాం” అంది. సరే, చూద్దాం. రాకపోయినా నాకు బెంగ లేదు. ఉండాల్సిన చోట ఉంది.

రికార్డు వచ్చింది. పన్నెండో నంబరు. గ్రీర్ అరవై దాకా చెక్కిందట. ఒక్కోటి చెక్కేటప్పుడు పాట మొత్తం వినాల్సిందే కదా. “అక్కా, దీపస్తంభం పేరెత్తితే చెవులు మూసుకుంటున్నాను” అని రాసింది. ఆ పిల్లకు చెవులున్నాయి.

ఎందుకు ఆపానని అడిగావు. దయ అనుకుంటున్నావేమో. క్షమించాననుకుని రోజూ కళ్ళు తుడుచుకుంటున్నావేమో. కాదు. ఆ చివరి చరణం నువ్వు రాసింది. నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు. ఎనభై ఏడులో నువ్వు బతిమాలితే పాడాను. దీపస్తంభం పది సెకన్లకోసారి కన్ను కొడుతుంది. అలాంటి కళ్ళ మనిషిని ఎవడైనా ప్రేమిస్తాడా? ఈ వయసులో, బహుశా ఆఖరిసారి పాడుతూ, ఆ లైను నా నోటితో పలకాలా? నీ మాటలు నువ్వే పాడుకో అనుకున్నాను. చేయి ఎత్తాను.

రెండో గిటార్ మాత్రం బాగుంది. అది లేకపోతే చివర్లో బోసిగా ఉంటుందన్నావు. నిజమే.

బస్సులో నీకొక బకెట్ పంపిస్తున్నాను. డిపోలో త్వరగా తీసుకో, వాసనకు డ్రైవర్లు తిడతారు. ఏప్రిల్‌లో ఉప్పు వేసిన పిట్టలు. మూడుసార్లు నీళ్ళు మార్చి ఉడికించు. అడుగున ఇంకొకటి కూడా ఉంది, నేను ఏప్రిల్‌లో మూతేసిందే. అదీ వాటితో పాటే తినెయ్. మళ్ళీ దాని మాట నా దగ్గర ఎత్తకు.

ఆగస్టు ముప్పై ఒకటిన ఇక్కడి బౌలింగ్ క్లబ్బులో ఆయిస్టర్ల సీజన్ ముగింపు విందు. మనం వాయిస్తున్నామని చెప్పేశాను. లాకీ ఒప్పుకున్నాడు, కప్పులు దూరంగా పెట్టమన్నాడు. నేను బేస్. పాడేది నువ్వు, మొదటి లైను నుంచి చివరిదాకా. వేళ్ళు తిరగవని సాకులు చెప్పకు, ఇంకా ఆరు వారాలుంది.

నేను మెడ పైకెత్తితే ఆగు. ఈసారి ఆలస్యం చేయకు.

రిపెకా